ఉప్పు ఇసుక

తమ్లాల్త్‌లో మేస్త్రిగా సొంతంగా మొదటి ఇల్లు కట్టడానికి పూనుకునేనాటికి బొజమాకు నలభై ఏళ్లు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు అగాదీర్‌లో తాపీ పట్టాడు. ఆ పట్నం సముద్రపొడ్డున హోటళ్లు లేచిన కాలమంతా అతను గోడల మీదే గడిపాడు. ఏ హోటలు ముందునుంచి పోతున్నా, "ఆ నాలుగో అంతస్తు గోడ నాది" అని భార్యకు చూపించేవాడు. ఇజ్జా తలెత్తి చూసి, "అయితే లోపలికి తీసుకెళ్లి చూపించు" అనేది. గుమ్మం దగ్గర యూనిఫారం తొడుక్కున్నవాడు వాళ్లిద్దరినీ ఎగాదిగా చూస్తుండేవాడు. బొజమా నవ్వేసి ముందుకు నడిచేవాడు.

కొన్నాళ్లకు ఆ నవ్వు కూడా రావడం మానేసింది. ఒక వసంతంలో, కాంక్రీటు కలిపే పాత మిల్లరు ఒకటి కొని, అద్దె బండికి తాళ్లతో కట్టి, పెళ్లాంతో సహా సొంత ఊరికి వచ్చేశాడు. అతని తల్లి యామ్నా గుమ్మంలో నిలబడి ఆ యంత్రాన్ని చాలాసేపు చూసింది.

"పద్దెనిమిదేళ్లు కష్టపడి, గూని ఒంటెను తోలుకొచ్చావా?" అంది.

"ఇది మేత అడగదులే అమ్మా."

"అడుగుతుంది చూడు."

తమ్లాల్త్ అప్పటికే పాత తమ్లాల్త్ కాదు. నెలవంకలా వంగిన ఇసుక తీరం, ఆ ఇసుక మీదికి పొడుగ్గా, తీరిగ్గా వచ్చి విరిగే అల. ఆ అల మీద నిలబడి జారే సరదా కోసం చలికాలమంతా సర్ఫింగ్ పలకలు నెత్తిన పెట్టుకుని ఎక్కడెక్కడి జనమో వచ్చేవాళ్లు. వ్యాన్లలో పడుకునేవాళ్లు, గుడారాలు వేసేవాళ్లు. కొందరికి ఒక గది, ఒక వంటిల్లు, సముద్రం కనపడే డాబా ఉంటే చాలనిపించేది. ఊళ్లో ఎవరి ఇల్లు వాళ్లు రాయీ మట్టీ పేర్చుకున్నవాళ్లే తప్ప, ఇంకొకరికి కట్టి ఇచ్చేవాడు లేడు. ఆ ఖాళీ తనదే అనుకున్నాడు బొజమా.

మొదటి బేరం మదామ్ ఓడిల్‌ది. తన దేశంలో బ్రెస్ట్ అనే రేవు ఊరి ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. పన్నెండు చలికాలాలుగా తెల్ల వ్యాను వేసుకుని ఒంటరిగా వచ్చి తీరంలో ఎప్పుడూ ఒకే రాతి పక్కన ఆగేది. ఊరి భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. పిల్లల పుళ్లకు మందు రాసేది. ఆటు సమయంలో ముత్యపుచిప్పల లాంటి నల్లగుల్లలు ఏరుకోవడానికి వెళ్లి యామ్నా అరికాలు రాతికి చీరుకుపోతే, వ్యాను మెట్టు మీద కూర్చోబెట్టి ఏడు కుట్లు వేసింది. అప్పటినుంచి యామ్నా ఉడికించిన గుల్లల్లో మొదటి గిన్నె ఆ వ్యానుకే వెళ్లేది.

"వ్యానులో పన్నెండేళ్లు నడుము వంచి వంచి నా ఎత్తే తగ్గిపోయింది బొజమా," అందామె. "నిటారుగా నిలబడేందుకు ఒక ఇల్లు కట్టు. పెద్దది వద్దు. నా దగ్గరున్నదంతా ఇదే, ఇంకోసారి కట్టించుకునే ఓపికా లేదు, వయసూ లేదు."

"మీరు తిరిగొచ్చేసరికి తాళంచెవి మీ చేతిలో పెడతాను మదామ్."

"నవంబరు మొదటి వారానికి."

"నవంబరు మొదటి వారానికి."

మాట ఇచ్చి పనిలో దిగాడు. పునాదికి కొండరాయి తెచ్చాడు. ఇసుక మాత్రం నలభై కిలోమీటర్ల అవతలి ఏటినుంచి లారీలో తెప్పించాడు. సముద్రపు ఇసుక సంగతి అతనికి తెలియనిది కాదు. అగాదీర్‌లో ముసలి మేస్త్రి ఒకడు, పని నేర్చుకునే రోజుల్లోనే, తుప్పు తిని పొట్టు పొట్టుగా ఊడే చువ్వను అతని అరచేతిలో పెట్టి చూపించాడు. ఉప్పు ఇసుకతో పోసిన కాంక్రీటులో చువ్వ లోపల్లోపల ఉబ్బుతుంది, ఉబ్బి పైపొరను నెట్టేస్తుంది, ఒకరోజు అది ఊడి కింద పడుతుంది. గట్టిగా ఆరిన స్లాబును బయటినుంచి చూసి ఏ ఇసుకో ఎవరూ చెప్పలేరు. చెప్పేది కాలమే.

సెప్టెంబరు నెలాఖరుకు గోడలు లేచాయి. సెంట్రింగ్ చెక్కలు బిగించారు, చువ్వలు కట్టారు, స్లాబు పోయడమే తరువాయి. ఆ వారమే కొండల్లో వాన పడింది. ఏరు పొంగి రోడ్డు కోసుకుపోయింది. ఇసుక లారీ రాలేదు. రోజూ ఫోను చేస్తే, "దేవుడు తలిస్తే రేపు" అనేవాడు లారీవాడు. సెంట్రింగ్ సామాను అద్దెది, నెలలోగా అగాదీర్‌కు తిరిగి పోవాలి. తెప్పించిన కూలీలు గోడనీడన కూర్చుని టీ కాచుకుంటున్నారు. మదామ్ ప్రయాణానికి రోజు చూసుకుందని కబురొచ్చింది.

ఇజ్జా తమ్ముడు బిహీకి నాలుగు గాడిదలుండేవి. వాటిమీద నీళ్లూ కట్టెలూ మోసి బతికేవాడు. అతను వచ్చి బొజమా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, కళ్లెదురుగా సముద్రమంత ఇసుక పెట్టుకుని ఇసుక లేదని ఏడుస్తావేంటి?"

"ఉప్పు ఇనుమును తినేస్తుంది రా."

"ఎన్నేళ్లకి?"

"ఏడేళ్లకో, పదేళ్లకో."

"అది ఇనుము తినేలోపు మనల్ని పురుగులు తింటాయి. ముందు ఇల్లు లేవనీ. మొదటి ఇల్లే టైముకి ఇవ్వలేనోడికి రెండో ఇల్లు ఎవడిస్తాడు?"

బొజమా సాయంత్రం ప్రార్థన అయ్యాక బిహీ ఇంటికి తనే వెళ్లాడు. "మంచినీళ్లతో కడిగి వాడదాం," అన్నాడు. బిహీ తల ఊపాడు.

రెండు రోజులు గాడిదలు తిరిగాయి. మొదటి కుప్పను ట్యాంకరు నీళ్లతో బాగానే కడిగారు. రెండో కుప్పకు నీళ్లు సగమే మిగిలాయి. తరవాతి కుప్పలను కడగనే లేదు. గుల్లల బుట్ట వీపున వేసుకుని ఒడ్డున వస్తున్న యామ్నా ఆగి, పారల వంక చూసింది.

"చేపను పడితే ఇంకో చేప పుడుతుంది. ఇసుకకి తల్లెవరు రా?" అంది.

"ఈ ఒక్క స్లాబుకేనమ్మా."

ఆమె బుట్ట సర్దుకుని వెళ్లిపోయింది. స్లాబు పోశారు. మదామ్ వచ్చేనాటికి తలుపులకు నీలం రంగు కూడా ఆరింది. ఆమె గది మధ్య నిలబడి, కాళ్ల వేళ్ల మీద లేచి, చెయ్యి పైకి చాపింది. పైకప్పు అందలేదు. చిన్నపిల్లలా నవ్వింది. "బొజమా, అందడం లేదు చూశావా," అంది. బొజమా కూడా పైకి చూశాడు. తరవాత ఎప్పుడు ఆ ఇంట్లో అడుగుపెట్టినా మొదట పైకి చూడటం అతనికి అలవాటైపోయింది.

మదామ్ ఆ ఇంటి ఫోటోలు తన స్నేహితులందరికీ పంపింది. డాబా అంచున బొజమాను నిలబెట్టి తీసిన ఫోటో కూడా అందులో ఉంది. ఆ ఫోటో చూసి ఇద్దరు వచ్చారు, వాళ్లను చూసి ఇంకో ముగ్గురు. ఆరేళ్లలో అతను మరో ఎనిమిది ఇళ్లు కట్టాడు. ఊరివాళ్లు ‘మాలెం బొజమా’ అని పిలవడం మొదలెట్టారు. చేతిపనిలో ఆరితేరినవాడికి దక్కే పిలుపు అది. ఆ ఎనిమిదింటిలో పిడికెడు సముద్రపు ఇసుక కలవలేదు. లారీ రాకపోతే పని ఆపేవాడు, మాట పోతే పోనిచ్చేవాడు. ఆ పట్టుదల చూసి జనం ఇంకా మెచ్చుకున్నారు. ఒక్క ఇంటి తప్పు ఎనిమిది ఇళ్ల మంచితనం కింద కప్పబడిపోతుందని అతను లోలోపల నమ్మాడు.

బిహీ మాత్రం ఆ రెండు రోజుల్లో ఒక వ్యాపారం నేర్చుకున్నాడు. గాడిదలు అమ్మి చిన్న బండి కొన్నాడు, బండి అమ్మి లారీ కొన్నాడు. ఊళ్లో ఇప్పుడు బొజమా ఒక్కడే కాదు, పట్నంనుంచి వచ్చినవాళ్లు మూడంతస్తుల అతిథి గృహాలు లేపుతున్నారు. వాళ్లందరికీ తెల్లవారకముందే తీరంనుంచి ఇసుక వెళ్లేది. ఒకసారి బొజమా లారీకి అడ్డం నిలబడ్డాడు.

"ఒడ్డు తవ్వి అమ్ముకుంటున్నావు, సిగ్గులేదురా నీకు?"

బిహీ ఇంజను ఆపాడు. గొంతు పెంచలేదు. "నీ మొదటి స్లాబు ఏ ఇసుకతో పోశావు బావా? నువ్వు మర్చిపోయుంటావు. మోసినోణ్ణి నాకు గుర్తుంది," అన్నాడు.

బొజమా పక్కకు తప్పుకున్నాడు. ఆ తరవాత ఎప్పుడూ అడ్డం పోలేదు.

తీరం ఏటేటా కిందికి దిగింది. ఇసుక పోయి గులకరాళ్లు, ఆ కింద నల్లటి బండలు బయటపడ్డాయి. బండల మీద అల పొడుగ్గా విరగడం మానేసి, ఒక్క దెబ్బతో కూలిపోయేది. పలకలు మోసుకొచ్చేవాళ్లు రెండు మూడు రోజులుండి, ‘అల పాడైంది’ అని వేరే ఊరు వెతుక్కునేవాళ్లు. సగం కట్టిన అతిథి గృహాల చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని అలాగే ఉండిపోయాయి.

ఏడో ఏడు ఫిబ్రవరిలో ఒక పొద్దున, మదామ్ పక్కబట్టలు సర్దుతుండగా పైకప్పునుంచి పలక లాంటి పెచ్చు ఊడి ఆమె కుడి మణికట్టు మీద పడింది. రెండు ఎముకలు విరిగాయి. తల జానెడు దూరంలో తప్పింది.

బొజమా వెళ్లేసరికి ఆమె కట్టు కట్టించుకుని తిరిగొచ్చింది. అతను నిచ్చెన ఎక్కి, పెచ్చు ఊడినచోట చేత్తో తడిమాడు. చువ్వ పొరలు పొరలుగా వేళ్లకు ఊడి వచ్చింది. ముసలి మేస్త్రి అరచేతిలో పెట్టిన ముక్క లాగే ఉంది. పక్కన చిన్న సుత్తితో తట్టాడు. గది ఈ మూలనుంచి ఆ మూలదాకా డొల్లగా మోగింది.

"సముద్రపు గాలి," అంది మదామ్ కిందినుంచి. "మా ఊళ్లోనూ అంతే. ఇనుమును బతకనివ్వదు. నీ తప్పేమీ లేదులే, దిగు. టీ పెట్టడానికి నువ్వే సాయం పట్టాలి."

అతను దిగి టీ పెట్టాడు. పుదీనా వేశాడు. ఆమె గ్లాసులో పోసి, తన గ్లాసు ముట్టుకోకుండా కూర్చున్నాడు. అవునని తల ఊపితే అక్కడితో అయిపోయేది. కానీ ఆమె ఎడమచేత్తో గ్లాసు ఎత్తడానికి తడబడుతుంటే చూడలేకపోయాడు.

"గాలి కాదు మదామ్," అన్నాడు. అంతా చెప్పాడు. వాన, లారీ, గాడిదలు, కడగని కుప్పలు. "స్లాబు మొత్తం కొట్టేసి, నా చేతులతో, నా ఖర్చుతో మళ్లీ పోస్తాను. ఆరు నెలలు పడుతుంది. అందాకా మా ఇంట్లో ఉండండి."

ఆమె గ్లాసు కింద పెట్టి కిటికీ వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అని అడిగింది.

"లేదు."

"చెప్పకు."

బొజమాకు అర్థం కాలేదు.

"మా చెల్లెలికి జబ్బు చేసింది. ఏప్రిల్లో వెళ్లిపోవాలి, ఇక రాను. ఈ ఇల్లు అమ్మితే తప్ప అక్కడ నాకు నిలువ నీడ లేదు. నువ్వు స్లాబు పగలగొడితే ఊరంతా చూస్తుంది. ఆ తరవాత దీన్ని ఎవరు కొంటారు?" ఆమె అప్పుడు అతని వైపు తిరిగింది. "పైన పూత వెయ్యి. బాగా వెయ్యి. ఏడేళ్లు నోరు మూసుకున్నావు కదా, ఇంకో రెండు నెలలు నీకేం కష్టం కాదు."

ఆమె గొంతులో కోపం లేదు. బొజమాను కోసింది అదే.

ఇంటికెళ్లి ఇజ్జాకు చెప్పాడు. ఆమె బార్లీ పిండి జల్లించడం ఆపలేదు.

"ఆవిడ అడిగింది చెయ్యి," అంది.

"రేపు కొన్నవాడి నెత్తిన పడితే?"

"ఒక స్లాబు పగలగొట్టావంటే తొమ్మిదీ పగిలినట్టే. మిగతా ఎనిమిదింటిలో ఏటి ఇసుకే పోశానని ఇంటింటికీ తిరిగి ఒట్టేస్తావా? నమ్మేదెవరు?" జల్లెడ పక్కన పెట్టింది. "ఆ రోజు నన్ను అడిగి తెచ్చావా ఆ ఇసుక? ఇవాళ నన్నెందుకు అడుగుతున్నావు?"

అతను ఆ పని చేశాడు. వదులుగా ఉన్నదంతా రాల్చాడు, చువ్వల తుప్పు గీకి రంగు పూశాడు. ఏటి ఇసుక తెప్పించి, మూడుసార్లు కడిగి, జల్లించి, సున్నం కలిపి పొర మీద పొర ఎక్కించాడు. పదకొండు రోజులు ఒక్కడే చేశాడు. కోడిగుడ్డు పెంకులా నునుపు తేలింది. పద్దెనిమిదేళ్ల హోటళ్ల పనిలో గానీ, తన ఎనిమిది ఇళ్లలో గానీ అంత చక్కటి పని అతని చేతినుంచి రాలేదు.

బిహీ ఇప్పుడు ఇళ్ల బేరాలు కూడా కుదిర్చేవాడు. కాసాబ్లాంకానుంచి ఒక జంటను తెచ్చాడు. నబీల్ ఇంట్లోంచే కంప్యూటరు మీద పనిచేసుకునే కుర్రవాడు, సల్వా అతని భార్య, ఆమె చంకలో ఆరు నెలల ఆడపిల్ల. పైకప్పు చూసి, "ఎంత బాగుందో, కొత్త ఇల్లులా ఉంది," అంది సల్వా. మదామ్ ఎడమచేత్తో సంతకం పెట్టింది.

వెళ్లే రోజు ఆమె యామ్నాను చాలాసేపు కౌగిలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. బొజమా పెట్టెలు బండిలో పెట్టాడు. ఆమె అతని పక్కనుంచి వెళ్లి ఎక్కి కూర్చుని, తలుపు వేయమని సైగ చేసింది. అతను వేశాడు.

పది రోజులు ఆగాడు. పదకొండో రోజు ఉదయం వెళ్లి నీలం తలుపు తట్టాడు. నబీల్ ఆదరంగా లోపలికి పిలిచాడు, కాఫీ ఇచ్చాడు. బొజమా నిలబడే చెప్పాడు. ఈసారి తడబడలేదు.

అంతా విని నబీల్ నవ్వాడు. వెటకారం నవ్వు కాదు, పెద్దవాణ్ని నొప్పించకూడదనుకునే నవ్వు.

"మాలెం, బిహీ ముందే చెప్పాడండీ. మీకు ఈమధ్య పనులు తగ్గాయట కదా. కొత్తగా వచ్చినవాళ్లని ఏదో ఒకటి చెప్పి భయపెడతారనీ, పట్టించుకోవద్దనీ అన్నాడు."

"నాకు పని వద్దు బాబూ. డబ్బు తీసుకోను. ఊరికే పోసి ఇస్తాను."

"ఊరికే ఎవరు చేస్తారండీ?"

బొజమా మూలనున్న చీపురు తీసి, దాని కర్రతో పైకప్పు మీద తట్టాడు. డొల్లగా మోగలేదు. మళ్లీ తట్టాడు, ఇంకోచోట తట్టాడు. పదకొండు రోజులు ఒత్తి ఒత్తి ఎక్కించిన పూత రాయిలా గట్టిగా పలికింది. అతని పనితనమే అతనికి ఎదురు సాక్ష్యం చెప్పింది. నబీల్ మెల్లిగా చీపురు తీసుకుని మూలన పెట్టేశాడు.

"కనీసం పాపను ఈ గదిలో పడుకోబెట్టకండమ్మా," అన్నాడు బొజమా సల్వాతో.

"ఇల్లు కొన్నదే ఈ గది కోసం," అందామె. "గాలీ సముద్రమూ ఉన్నవి ఇక్కడే కదండీ."

బొజమా చెప్పిన సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది. మసీదు మెట్ల మీద ఎవరూ అతని పక్కన కూర్చోలేదు. గదులు అద్దెకిచ్చేవాళ్లు, ఇంటి స్థలాలు అమ్మేవాళ్లు ఇంటి మీదికొచ్చారు. "అల పోయిందని మేం ఏడుస్తుంటే, నువ్వు ఇళ్లు కూడా కూలతాయని డప్పు కొడతావా?" అన్నాడు ఒకడు. ఎనిమిది ఇళ్లవాళ్లూ ఫోన్లు చేశారు. బొజమా ప్రతి ఒక్కరికీ ఏటి ఇసుకేనని చెప్పాడు. ఒక జర్మనువాడు మాత్రం, "మొదటి ఇంటావిడకు కూడా అదే చెప్పి ఉంటావు," అని ఫోను పెట్టేశాడు. చేతిలో ఉన్న రెండు బేరాలూ పోయాయి. వాటిలో ఒకటి బిహీ తీసుకున్నాడు.

బొజమా పంచాయతీ ఆఫీసుకు స్లాబు పరీక్షించమని ఉత్తరం రాయించాడు. వచ్చి చూసిన మనిషి పైకప్పు కేసి చూసి, తలాడించి, సల్వా ఇచ్చిన కాఫీ తాగి వెళ్లాడు. వేసవి ముగిసేలోగా బొజమా మళ్లీ అగాదీర్ చేరి, ఒకరి కింద రోజుకూలీకి తాపీ పట్టాడు. ఇజ్జా వెంట వచ్చింది. యామ్నా రాలేదు.

అదంతా జరిగి రెండేళ్లయింది. ఆ స్లాబు పడలేదు. పాప ఆ గదిలోనే నడక నేర్చిందట. నబీల్ డాబా మీద పందిరి కూడా వేయించాడట. ఊళ్లో అందరూ, "చూశారా, మాలెం ఉత్తినే కూశాడు," అంటున్నారని యామ్నా ఫోనులో చెబుతుంది. బొజమా విని, "మంచిదే కదమ్మా," అంటాడు.

కానీ ఫోను మోగిన ప్రతిసారీ, ఎత్తేముందు ఒక్క క్షణం, అతనికి స్లాబు పడిందన్న మాటే వినబోతున్నాననిపిస్తుంది. అది భయమే అనుకున్నాడు చాలా రోజులు. మొన్నొకరోజు పనిలో ఉండగా తల్లి ఫోను చేసి, మేక ఈనిందని చెప్పి పెట్టేసింది. ఫోను జేబులో వేసుకుని, మిగిలిన ఇటుకల వరస పేర్చబోతూ, తన లోపల ఏదో చప్పున చల్లారిపోయిందని గమనించాడు. దాన్ని నిదానంగా తరిచి చూసుకున్నాడు. అది భయం తగ్గడం కాదు. ఆశ పడిన మనిషికి కలిగే నిరాశ.

తాపీ కింద పెట్టి, కాసేపు ఆ గోడవైపే తిరిగి నిలబడ్డాడు. పక్కన పనిచేసేవాడు, "ఏంటి మాలెం, వరస వంకరపోయిందా?" అని అడిగాడు. లేదన్నాడు బొజమా. ఇంటికి వెళ్లి ఇజ్జాతో ఆ సంగతి చెప్పలేదు.